రక్తములోని ఇనుము – మన పిల్లల చదువు



ప్రతి సంవత్సరము ఈ సంచికలో చదువును గూర్చియో, పరీక్షలను గూర్చియో, మాతృభాషను గూర్చియో మేము నాలుగు మాటలు వ్రాయుట ఆనవాయితీ. ఈ సంవత్సరము రక్తమును గూర్చి వ్రాయుచున్నాము. బడిపంతుళ్లకు రక్తముతో ఏమి పని అని మీరు అనుకొనవచ్చును. పని ఉన్నదని మాకు తెలియజేసినది తొమ్మిదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక. ఆమె పేరు ఇక్కడ చెప్పము.

ఆ బాలిక మధ్యాహ్నపు తరగతులలో బల్లమీద తల వాల్చి నిద్రించుచుండెడిది. మెట్లెక్కి రెండవ అంతస్తునకు వచ్చునప్పటికి ఆయాసపడి గోడను పట్టుకొని నిలుచుచుండెడిది. బలపములు నమలుచు రెండుసార్లు పట్టుబడినది. మేము ఆమెను సోమరి అంటిమి. ఒకనాడు బల్లపై నిలువబెట్టితిమి. తరువాత తండ్రిని పిలిపించితిమి. ఆయన మరమగ్గముపై రాత్రి పాళీ ముగించుకొని, కన్నులెఱ్ఱబడి వచ్చి, మేము చెప్పినదంతయు తలవంచుకొని విని, “ఇంటికాడ సుత గిట్లనే పండుకుంటది సార్, ఏంజెయ్యాల్నో సమజైతలేదు” అని మాత్రము అనెను. మేము ఆయనకును కొంత హితబోధ చేసి పంపితిమి.

ఒక నెల గడచిన పిమ్మట ఆరోగ్యశాఖ వారు బడికి వచ్చి పిల్లల వ్రేలికొనల నుండి ఒక్కొక్క చుక్క రక్తము తీసి పరీక్షించిరి. ఆ బాలిక రక్తములో హీమోగ్లోబిను 7.1 అని తేలినది. ఆ వయస్సు పిల్లకు 12 ఉండవలెను. వచ్చిన వైద్యురాలు ఆమె క్రింది కనురెప్పను వ్రేలితో క్రిందికి లాగి మాకు చూపెను. ఎఱ్ఱగా ఉండవలసిన లోపలి పొర తెల్లకాగితమువలె ఉన్నది. “ఈ పిల్లకు సోమరితనము లేదు. పీల్చిన గాలిని ఒంటికి మోసికొనిపోవు బండ్లు సగము లేవు” అని ఆమె చెప్పెను. ముప్పది సంవత్సరముల అనుభవము గలవారమని అనుకొనుచుండిన మేము ఆనాడు ఒక పాఠము నేర్చుకొంటిమి. ఆ పాఠమునే మీతో పంచుకొనుచున్నాము.

హీమోగ్లోబిను అననేమి?

పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తము ఉండును. అందులో ఒక ఘన మిల్లీమీటరునకు, అనగా గుండుసూది తలయంత చుక్కకు, దాదాపు 50 లక్షల ఎఱ్ఱకణములు ఉండును. ఒక్కొక్క కణములో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిను అణువులు ఉండును. ఒక్కొక్క అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, చేతిలో ముద్దవలె, పట్టుకొని ఉన్నట్లు అమరియుండును. ఊపిరితిత్తులలో ఈ ఇనుము ప్రాణవాయువును పట్టుకొనును. మెదడు, కండరములు, గుండె మొదలగు చోట్ల దానిని విడిచిపెట్టును. మన రక్తము ఎఱ్ఱగా ఉండుటకు ఈ పదార్థమే కారణము.

ఇది లేకున్న ఏమగునో ఒక లెక్క చెప్పెదము. రక్తములోని నీటివంటి ద్రవము మాత్రమే ఉన్నచో లీటరు ద్రవములో 3 మిల్లీలీటర్ల ప్రాణవాయువు మాత్రమే కరగగలదు. హీమోగ్లోబిను ఉండుటవలన అదే లీటరు రక్తము సుమారు 200 మిల్లీలీటర్లు మోయగలుగుచున్నది. ఇప్పుడు ఆ బాలిక సంగతి ఆలోచింపుడు. ఆమె రక్తము తోటి పిల్లల రక్తము మోయుదానిలో ఇంచుమించు సగమును మాత్రమే మోయుచుండెను. ఆ కొఱతను తీర్చుటకు గుండె మరింత వేగముగా కొట్టుకొనవలెను. మెట్లెక్కునప్పుడు ఆయాసము, కూర్చున్నచోట నిద్ర, పాఠమునందు నిలువని మనస్సు, ఇవి అన్నియు ఆ కొఱత ఫలములే. బలపములు, మట్టి, పచ్చిబియ్యము తినవలెనను కోరిక కూడ ఇనుము తగ్గినవారిలో తరచుగా కనిపించు లక్షణమేయని వైద్యులు చెప్పుదురు.

శరీరములోని ఇనుమంతయు కలిపి 3 లేక 4 గ్రాములకు మించదు. ఒక చిన్న మేకుకు సరిపోవునంత! అందులో మూడింట రెండు వంతులు హీమోగ్లోబినులోనే ఉన్నది. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించి నశించును. దానిలోని ఇనుమును శరీరము పారవేయక, పొదుపరియగు ఇల్లాలివలె, మరల క్రొత్త కణములకు వాడుకొనును. అయినను దినమునకు సుమారు ఒక మిల్లీగ్రాము నష్టమగుచునే ఉండును. నెలసరి ప్రారంభమైన బాలికలకు, స్త్రీలకు ఆ నష్టము ఇంకను ఎక్కువ. ఎదుగు పిల్లలకు క్రొత్త రక్తము కావలెను గనుక వారి అవసరమును ఎక్కువే. కావుననే పదునొకండు మొదలు పదునెనిమిదేండ్ల లోపు బాలికలు ఈ లోపమునకు సులభముగా లోబడుచున్నారు.

పూర్వులకు తెలిసినది, తరువాత తెలిసినది

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహితలో దీనిని పాండురోగము అను పేర వర్ణించినారు. పాండువనగా పాలిపోయిన వన్నె. లోహభస్మము, మండూరభస్మము మొదలగు ఇనుముతో కూడిన ఔషధములను మన వైద్యులు దీనికి వాడుచుండిరి. ఇనుమునకును రక్తమునకును సంబంధమున్నదని వారు అనుభవముచేత గ్రహించిరి.

ఆ సంబంధము ఎట్టిదో తెలియుటకు చాలకాలము పట్టినది. ఈ పదార్థమునకు హీమోగ్లోబిను అని పేరు పెట్టినవాడు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హోప్పె-జైలర్; అది 1864వ సంవత్సరము. దాని అణువు ఆకృతిని ఎక్స్-కిరణముల సాయమున కనుగొన్నవాడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేసిన మాక్స్ పెరుట్జ్. ఆయన ఇరువది సంవత్సరములకు పైగా ఈ ఒక్క అణువు వెంటబడి, 1962లో సహచరుడగు కెండ్రూతో కలిసి నోబెల్ బహుమతి నందెను. ఒక్క లెక్క రాలేదని పుస్తకము మూసివేయు పిల్లలకు ఈయన కథ చెప్పదగినది.

బొంబాయి మిల్లులు – భీమవరపు బిడ్డ

ఇనుము ఒక్కటే చాలదని తెలిసిన కథ మనకు మరింత దగ్గరిది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు వచ్చుచుండిన తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. ఆ రోగములో ఎఱ్ఱకణములు సంఖ్యలో తగ్గి పరిమాణములో ఉబ్బియుండెను. ఈస్టునుండి తీసిన చౌకయగు ఆహారసారమును ఇచ్చినచో ఆ స్త్రీలు కోలుకొనుటను ఆమె గమనించి 1931లో ప్రకటించెను. ఆ మిల్లులలో మన తెలుగు నేతపనివారును పెక్కుమంది జీవించిరి గనుక ఆ కథ మన వీథిలో జరిగినట్లే మాకు తోచును.

ఆ సారములో ఉన్న మందు ఏమి? తరువాత పాలకూరనుండి తీసిన ఒక పదార్థమునకు, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుబట్టి, 1941లో ఫోలిక్ ఆమ్లము అని పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు పని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నెరవేరినది. ఆ పరిశోధనకు నాయకత్వము వహించినవారు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేగువ్యాధితో చనిపోయిరి. ఆ వ్యాధివలన కలుగు రక్తహీనతకే ఫోలిక్ ఆమ్లము మందైనది. మీ బిడ్డ చేతికి బడిలో ఇచ్చు నీలిమాత్రలో ఇనుముతో కూడ ఈ ఫోలిక్ ఆమ్లమును ఉన్నది. ఒక తెలుగువాని శ్రమ ఆ మాత్రలో ఉన్నదని మేము తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు దానిని త్రిప్పి త్రిప్పి చూచుకొనిరి.

ఇంకొకటి బి-12 విటమిను. ఇది పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలలోనే లభించును. పాలుకూడ చాలినంత లేని శాకాహారుల ఇండ్లలో దీని లోపము కలుగవచ్చును.

ఎంత ఉండవలెను?

హీమోగ్లోబినును 100 మిల్లీలీటర్ల రక్తమునకు ఇన్ని గ్రాములని లెక్కింతురు. 5 మొదలు 11 సంవత్సరముల పిల్లలకు 11.5, 12 మొదలు 14 సంవత్సరముల వారికి 12, ఆపై వయస్సు స్త్రీలకు 12, పురుషులకు 13, గర్భిణులకు 11 గ్రాములకు తక్కువ అయినచో రక్తహీనత అందురు. గర్భిణులకు 7 లోపు, ఐదేండ్లు దాటిన తక్కిన వారికి 8 లోపు ఉన్నచో తీవ్రమైనది. అట్టివారు ఇంటివైద్యముతో కాలము గడపక ఆసుపత్రికి పోవలెను.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి మన దేశములో 15 మొదలు 19 సంవత్సరముల బాలికలలో నూటికి 59 మందికి, అదే వయస్సు బాలురలో నూటికి 31 మందికి రక్తహీనత కలదు. 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి కలదు. బాలురకు రాదనుకొనుట పొరపాటు. తల్లికి ఉన్నది బిడ్డకు రాదనుకొనుట అంతకంటె పెద్ద పొరపాటు. మన సోలాపురములో ఎందఱో తల్లులు తెల్లవారినది మొదలు చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచు, అందఱు తినిన పిమ్మట మిగిలినది తిని, ఆకలి చచ్చుటకు చాయ త్రాగి కాలము గడుపుచున్నారు. రక్తహీనతతో గర్భము ధరించిన తల్లికి కాన్పునాటి రక్తస్రావము ప్రాణాపాయము కాగలదు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. కావున బిడ్డకు పరీక్ష చేయించునప్పుడు తల్లియు చేయించుకొనవలెను.

మా పొరపాటు

ఇప్పుడు మాత్రల సంగతి. జాతీయ కార్యక్రమము ప్రకారము 10 మొదలు 19 సంవత్సరముల వారికి వారమునకొకటి నీలిమాత్ర; అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. 5 మొదలు 9 సంవత్సరముల పిల్లలకు 45 మిల్లీగ్రాముల ఇనుము గల గులాబి మాత్ర. వీనితో పాటు సంవత్సరమునకు రెండుసార్లు నులిపురుగుల మందు. ఏలయన కొంకిపురుగులు ప్రేగులలో చేరి రక్తమును పీల్చును.

మొదట మేము ఈ మాత్రలను సోమవారము ఉదయము ప్రార్థన ముగియగానే ఇచ్చుచుంటిమి. లెక్క పుస్తకములో అందఱు మ్రింగినట్లే వ్రాసితిమి. ఒకనాడు వాన కురిసి బడి వెనుక కాలువ పొంగగా, నీటిలో నీలిరంగు మాత్రలు తేలుచు కనిపించినవి. పిల్లలను గద్దింపక అడిగితిమి. కొందఱు, మాత్ర మ్రింగిన కడుపులో త్రిప్పునని చెప్పిరి. ఆ పిల్లలు ఏమియు తినకుండ బడికి వచ్చుచుండిరి! పరగడుపున ఇనుప మాత్ర ఇచ్చి వారికి వికారము కలిగించినవారము మేమే. మరికొందఱు, ఇది పిల్లలు పుట్టకుండ చేయు మాత్రయని వీథిలో ఎవరో చెప్పిరని భయపడుచు చెప్పిరి. అది శుద్ధ అబద్ధము. పైగా తల్లికాబోవు బాలికకు బలమిచ్చు మందు ఇదియే; గర్భిణులకు కూడ నాలుగవ మాసము మొదలు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రను దినదినము ఇచ్చుచున్నారు.

ఇప్పుడు మధ్యాహ్న భోజనము ముగిసిన తరువాత, ఉపాధ్యాయులమును పిల్లల ముందు కూర్చుండి, నీళ్లతో మాత్రలు మ్రింగించుచున్నాము. మలము నల్లగా పోవుట ఇనుము వలన కలుగునదే; భయపడనక్కరలేదని ముందే చెప్పుచున్నాము. కాలువలో మాత్రలు తేలుట ఆగినది.

ఒక హెచ్చరిక. వారమునకొక మాత్ర లోపము రాకుండ కాపాడుటకు. లోపము వచ్చినవారికి వైద్యుడు దినదినము ఇచ్చును. సరిగా మ్రింగిన నెలరోజులలో హీమోగ్లోబిను ఒక గ్రాము లేక అంతకు మించి పెరుగును. పెరిగినదికదా యని మానరాదు. శరీరములో నిలువ నిండుటకు ఇంక మూడు నెలలు వాడవలెను. ఇంటిలో ఆ మాత్రలను పసిపిల్లలకు అందకుండ దాచుడు. చక్కెర బిళ్లలనుకొని గుప్పెడు మ్రింగినచో అది ప్రాణమునకే ముప్పు.

పళ్లెములోని ఇనుము

మన ఇండ్లలో జొన్నరొట్టె, పల్లీల పొడి, పప్పు, ఆకుకూర ఉండును. ఇవి మంచివే. తోటకూర, మునగాకు, శనగలు, రాగులు, బెల్లము, నువ్వులలో ఇనుము ఉన్నది. కాని ధాన్యములలోని, ఆకులలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. మాంసము, కాలేయము, చేపలలోనిది బాగుగా పట్టును. శాకాహారులు విచారపడనక్కరలేదు. నిమ్మరసము, ఉసిరి, జామ, టమాటా వంటి పుల్లని వానిని అన్నముతో పాటు తినినచో ఆకుకూరలోని ఇనుము ఎక్కువగా పట్టును. జొన్నరొట్టెతో ఆకుకూర పెట్టునప్పుడు ఒక నిమ్మచెక్క పిండుటకు ఎంత ఖర్చు? ఇనుప మూకుడులో పులుసుకూర వండుటయు మేలే.

చేయరానిది ఒకటి కలదు. భోజనముతోను, భోజనము కాగానేయు చాయ త్రాగరాదు. చాయలోని వగరు పదార్థము ఇనుమును పట్టి ప్రేగులనుండి లోనికి పోనీయదు. భోజనమునకు ముందును వెనుకను ఒక గంట వ్యవధి ఉంచవలెను. ఉదయము చాయలో రొట్టె ముంచి తిని బడికి వచ్చు పిల్లలు మన బడిలో పెక్కుమంది కలరు. ఆ చాయకు బదులు గుప్పెడు పల్లీలు, ఒక జామకాయ ఇచ్చి పంపుడని వేడుకొనుచున్నాము.

ఇనుముతో తీరని రక్తహీనత

పాలిపోయిన వారందఱకు ఇనుమే మందు అనుకొనరాదు. కొందఱికి హీమోగ్లోబిను పుట్టుకతోనే వేరు విధముగా ఉండును. ఒక రకములో, అణువునందు ఒక్క చిన్న భాగము మారుటచేత ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని భరింపరాని నొప్పి కలిగించును. దీనిని కొడవలికణ వ్యాధి అందురు. ఇది అణువులోని దోషమేయని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు నిరూపించిరి. మన దేశములో దీని నివారణకై 2023 జూలై 1న ఒక జాతీయ ఉద్యమము ప్రారంభమైనది. రెండవది థలసీమియా. ఇందులో హీమోగ్లోబిను చాలినంత తయారే కాదు. తీవ్రమైన రకము గల పిల్లలకు రెండు మొదలు నాలుగు వారములకొకమారు రక్తము ఎక్కించవలసియుండును. ఎక్కించిన రక్తముతో ఇనుము పేరుకొని గుండెకు, కాలేయమునకు హాని చేయును. దానిని తొలగించుటకు వేరే మందులు వాడవలెను. అట్టివారికి తెలియక ఇనుము ఇచ్చుట హానికరము.

మన కుటుంబములలో మేనరికపు వివాహములు నేటికిని జరుగుచున్నవి గనుక ఈ మాట జాగ్రత్తగా వినవలెను. దోషము ఒక పాలు మాత్రము గలవారు ఆరోగ్యముగానే ఉందురు. వారికి తెలియనైన తెలియదు. భార్యాభర్తలిద్దరు అట్టివారైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాల్గింట ఒక వంతు అవకాశము ఉండును. ఒకే వంశమువారిలో ఇద్దరికిని అదే దోషము ఉండుటకు అవకాశము ఎక్కువ. జాతకములు చూచుకొను తల్లిదండ్రులు హీమోగ్లోబిను రకములను వేరుచేసి చూపు రక్తపరీక్షను కూడ పెండ్లికి ముందు చేయించిన ఒక బిడ్డ కన్నీటిని ఆపినవారగుదురు. నెలరోజులు మాత్రలు సరిగా మ్రింగినను హీమోగ్లోబిను పెరగని పిల్లలకును ఈ పరీక్ష అవసరము.

విజ్ఞానము ఇక్కడను ముందుకు సాగుచున్నది. కొడవలికణ వ్యాధికి, రక్తము ఎక్కించవలసిన థలసీమియాకును, రోగి స్వంత కణములలోని జన్యువును సవరించి శిశుదశనాటి హీమోగ్లోబినును మరల పుట్టించు చికిత్సకు 2023లో బ్రిటను దేశము అనుమతి ఇచ్చినది. అది ఎంతో ఖర్చుతో కూడినది. పరీక్ష మాత్రము మనకు అందుబాటులోనిదే.

రక్తము చెప్పు సాక్ష్యము

హీమోగ్లోబిను ఇతర రోగములకును సాక్షి. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమందఱము వ్రేలికి తగిలించుకొనిన చిన్న పరికరము, హీమోగ్లోబినులో ఎంత భాగము ప్రాణవాయువుతో నిండియున్నదో వెలుగు సాయమున చూపునదే. అది నూటికి 98 అని చూపినను, హీమోగ్లోబిను తక్కువగలవారికి మోత తక్కువే. బండ్లు నిండియుండుట వేరు, బండ్లు చాలినన్ని ఉండుట వేరు.

మధుమేహము గల పెద్దలకు మూడు నెలల చక్కెర పరీక్ష చేయుదురు. అది రక్తములోని చక్కెర హీమోగ్లోబినునకు ఎంత అంటుకొన్నదో చూచుట. కణము 120 దినములు జీవించును గనుక అది గత రెండు మూడు నెలల చిట్టాను చూపును. 6.5 శాతము, అంతకు మించినచో మధుమేహమని నిర్ణయింతురు. కాని ఇనుప లోపము ఉన్నవారికి ఈ సంఖ్య ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించవచ్చును. కావున రక్తహీనత ఉన్న సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను.

రక్తదానమునకును 12.5 గ్రాముల హీమోగ్లోబిను ఉండవలెను. ఆరోగ్యవంతులగు పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఈయవచ్చును. థలసీమియా పిల్లలు బ్రతుకునది మన దానముతోనే.

మనవి

ఆ బాలిక సంగతి చెప్పి ముగించెదము. ఆసుపత్రిలో చికిత్స జరిగినది. నులిపురుగుల మందు ఇచ్చిరి. దినదినము మాత్రలు వాడిరి. నెలరోజులకు 8.9, నాలుగు నెలలకు 12.1 అయినది. తల్లికి పరీక్ష చేయించగా ఆమెకు 8.4 ఉన్నది, ఆమెకును మందు మొదలుపెట్టిరి. వార్షికోత్సవమునాడు ఆ బాలిక రెండవ అంతస్తునుండి కుర్చీలు దింపుచు, తిరిగి ఎక్కుచు పరుగులిడుట మేము చూచితిమి. బల్లపై నిలువబెట్టినందులకు ఆమెను పిలిచి క్షమించుమంటిమి. ఆమె సిగ్గుపడి, “పోనియ్యుండ్రి సార్” అని పరుగెత్తినది. తండ్రిని కలిసి ఆయనకును చెప్పితిమి.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ అలసిపోవుచున్నదని, నిద్రించుచున్నదని, చదువుపై శ్రద్ధ లేదని తోచినప్పుడు, కోపగించుటకు ముందు కనురెప్పను క్రిందికి లాగి చూడుడు. సంవత్సరమునకు ఒకసారి హీమోగ్లోబిను పరీక్ష చేయింపుడు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో అది ఉచితముగా చేయుదురు. సోమవారపు మాత్రను ఆపకుడు. భోజనమునకు చాయకు నడుమ ఒక గంట ఉంచుడు. తల్లులు అందఱికంటె చివర తిను అలవాటును మానుకొనుడు.

మేమును ఒక మాట ఇచ్చుచున్నాము. ఇకమీదట మన బడిలో ఏ బిడ్డనైనను సోమరి అనుటకు ముందు ఆ బిడ్డ ఏమి తినివచ్చినదో అడిగెదము.